లండన్–పారిస్: గంటంబావు విమానమా, రెండుంబావు గంటల రైలా?

లండన్, పారిస్ ఒకే ట్రిప్పులో చూడాలనుకునేవాళ్లు ముందు చేసే పని గూగుల్‌లో దూరం వెతకడం. గాలిదారిన 344 కిలోమీటర్లు అని వస్తుంది. దాని కిందే విమానంలో గంటంబావు, రైల్లో రెండుంబావు గంటలు అని కనిపిస్తుంది. ఇంకేముంది, విమానం టికెట్ కొనేస్తారు. నన్నడిగితే, లండన్ నడిబొడ్డు నుంచి పారిస్ నడిబొడ్డుకు వెళ్లేవాళ్లలో ఎక్కువమందిని రైలే ముందు చేరుస్తుంది. అందరినీ మాత్రం కాదు. హీత్రూ విమానాశ్రయానికి దగ్గర్లో హౌన్స్‌లోలో చుట్టాలింట్లో దిగినవాళ్లకి, హైదరాబాద్ నుంచి వచ్చి హీత్రూలోనే విమానం మారేవాళ్లకి, పిల్లలతో నేరుగా డిస్నీల్యాండ్‌కు వెళ్లేవాళ్లకి లెక్క మారిపోతుంది. ఎవరికి ఎలా మారుతుందో చూద్దాం.

ముందు ఈ దూరాల సంగతి

344 కిలోమీటర్లన్నది మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన గీత. ఆ గీత మీద ఎవరూ ప్రయాణం చెయ్యరు. రైలు పట్టాల లెక్కన దూరం 492 కిలోమీటర్లు. రోడ్డు మీద, మధ్యలో సముద్రం దాటడం కలుపుకుని, దాదాపు 460. ఇంచుమించు హైదరాబాద్ నుంచి నెల్లూరు వెళ్లినంత.

దూరాలు చూపించే సైట్లు కొన్ని 344ని విమానం వేగంతో భాగించి "ప్రయాణ సమయం అరగంట" అని కూడా చెప్పేస్తుంటాయి. దాన్ని నమ్మకండి. ఇంత చిన్న దూరంలో విమానం పైకెక్కడం, మళ్లీ దిగడంతోనే సగానికి పైగా టైము అయిపోతుంది. పూర్తి వేగంతో నిలకడగా ఎగిరేది కాసేపే. గాల్లో ఉండేది సుమారు ముప్పావు గంట. టికెట్ మీద కనిపించే గంటంబావులో మిగతాదంతా నేల మీద గడిచేదే. ఎందుకంటే ఎయిర్‌లైన్స్ వేసే టైము ఈ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి ఆ గేటు దగ్గర ఆగేదాకా. హీత్రూలో రన్‌వే కోసం లైన్లో నిలబడటం, పారిస్ షార్ల్ ద గాల్‌లో దిగాక టెర్మినల్ దాకా ఆ పొడుగాటి దారి, రెండూ అందులోనే ఉంటాయి.

తిరుగు ప్రయాణంలో ఇంకో సంగతుంది. హీత్రూ రద్దీగా ఉంటే, వచ్చే విమానాలను లండన్ చుట్టూ నాలుగు చోట్ల గాల్లోనే గుండ్రంగా తిప్పుతూ వరస కట్టిస్తారు. బోవింగ్‌డన్, లాంబర్న్, ఓకమ్, బిగిన్ అని వాటికి పేర్లు కూడా ఉన్నాయి. మీరు కిటికీలోంచి అదే ఊరిని రెండుసార్లు చూశారంటే వాటిలో ఒకదానిలో తిరుగుతున్నారన్నమాట.

గడియారంతో కూడా జాగ్రత్త. పారిస్ లండన్ కంటే ఒక గంట ముందుంటుంది. రెండు దేశాలూ వేసవి టైముకు ఒకే రోజు మారతాయి కాబట్టి ఈ గంట తేడా ఏడాది పొడవునా ఉంటుంది. లండన్‌లో పదిన్నరకు ఎక్కిన రైలు పారిస్‌లో ఒంటి గంటా యాభైకి దిగుతుందని టికెట్ మీద చూసి మూడు గంటల ఇరవై నిమిషాల ప్రయాణం అనుకునేవాళ్లున్నారు. అటునుంచి వచ్చేటప్పుడు పదింటికి ఎగిరిన విమానం పదీ ఇరవైకి దిగినట్టు కనిపిస్తుంది. పారిస్‌లో సాయంత్రం ఏదైనా బుక్ చేసుకుంటే ఆ పోయే గంటను ముందే లెక్కలో వేసుకోండి.

గది తలుపు నుంచి గది తలుపు దాకా

మీ హోటల్ లండన్ మధ్యలో, బ్లూమ్స్‌బరీ దగ్గరో కోవెంట్ గార్డెన్ దగ్గరో ఉందనుకుందాం. పారిస్‌లో కూడా ఊరి మధ్యలోనే గది తీసుకున్నారు.

లండన్–పారిస్ మధ్య సముద్రం కింది సొరంగంలోంచి నడిచే రైలు పేరు యూరోస్టార్. అది ఎక్కే సెయింట్ పాంక్రస్ స్టేషన్‌కు ఇరవై నిమిషాలు. యూరోస్టార్ స్టాండర్డ్ టికెట్ ఉన్నవాళ్లకు రైలు కదలడానికి అరగంట ముందే గేటు మూసేస్తారు. సెక్యూరిటీ, పాస్‌పోర్టు క్యూల కోసం గంటంబావు నుంచి గంటన్నర ముందుండటం మంచిది. ప్రయాణం రెండు గంటల ఇరవై నిమిషాలు. పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్లో దిగాక పాస్‌పోర్టు ఎవరూ అడగరు, నేరుగా బయటికి నడిచెళ్లిపోవచ్చు. అక్కడి నుంచి మెట్రోలో గదికి ఇరవై నిమిషాలు. మొత్తం నాలుగున్నర గంటలు.

విమానమైతే హీత్రూకు యాభై నిమిషాల నుంచి గంట. రెండు గంటల ముందు చేరాలి. గంటా ఇరవై ప్రయాణం. షార్ల్ ద గాల్‌లో నడక, పాస్‌పోర్టు క్యూ కలిపి ముప్పావు గంట వేసుకుందాం. ఒకేసారి రెండు పెద్ద విమానాలు దిగాయంటే అది కూడా చాలదు. అక్కడి నుంచి ఆర్‌ఈఆర్ బి అనే సబర్బన్ రైలు పట్టుకుని ఊళ్లోకి రావడానికి, ఎదురుచూపులతో కలిపి, ముప్పావు గంట పైనే. ఆ రైలు మిమ్మల్ని తెచ్చి దింపేది ఎక్కడో తెలుసా? గార్ దు నోర్‌లోనే. లండన్ రైలెక్కినవాళ్లు గంటన్నర ముందు దిగి వెళ్లిపోయిన స్టేషన్. మొత్తం కూడితే ఆరు గంటలు దాటుతుంది. చేతి సంచి ఒక్కటే పెట్టుకుని, ఆన్‌లైన్‌లో చెకిన్ అయి, క్యూలన్నీ కలిసొస్తే ఐదు గంటలకు తగ్గొచ్చు. అంతకంటే తగ్గదు.

లూటన్ నుంచి ఈజీజెట్ విమానం చౌక కదా అంటారు. లూటన్ లండన్‌లో లేదు, ఉత్తరాన యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్య లండన్ నుంచి అక్కడికి వెళ్లాలంటే థేమ్స్‌లింక్ రైలెక్కాలి. చాలామంది అది ఎక్కేది సెయింట్ పాంక్రస్‌లోనే! పారిస్ రైలు ఆగి ఉన్న స్టేషన్లో దాన్ని వదిలేసి, లోకల్ ట్రైన్లో లూటన్ ఎయిర్‌పోర్ట్ పార్క్‌వే దాకా వెళ్లి, అక్కడ డార్ట్ అనే ఇంకో చిన్న బండి మారి విమానాశ్రయం చేరడం నాకైతే ఎప్పుడూ వింతగానే ఉంటుంది. గాట్విక్ కూడా దూరమే, విక్టోరియా నుంచి అరగంట రైలు. ఉండేదే క్రాయిడన్ వైపు అయితే మాత్రం గాట్విక్ బాగా పనికొస్తుంది.

ఇప్పుడు లెక్క తిరగబడే చోటికి వద్దాం. మనవాళ్లు చాలామంది ఉండేది హౌన్స్‌లో, స్లౌ, రెడింగ్ వైపు. హౌన్స్‌లో నుంచి పికడిల్లీ లైన్ మెట్రో ఎక్కితే ఒక దిక్కున హీత్రూ పావుగంట, రెండో దిక్కున సెయింట్ పాంక్రస్ గంట. అక్కడి నుంచి చూస్తే రైలుకు ఐదు గంటల చిల్లర, విమానానికి ఐదున్నర. అంటే ఇంచుమించు సమానం. స్లౌ నుంచైతే విమానమే కాస్త ముందుండొచ్చు. అలాంటప్పుడు ధర చూసి తేల్చుకోవచ్చు. తూర్పున ఈస్ట్ హామ్, ఇల్ఫర్డ్ వైపు ఉన్నవాళ్లు మాత్రం హీత్రూ మాటే ఎత్తొద్దు. కెంట్‌లో ఉన్నవాళ్లు పాత వ్యాసాలు చదివి ఆష్‌ఫర్డ్‌లోనో ఎబ్స్‌ఫ్లీట్‌లోనో ఎక్కుదామనుకుంటారు. యూరోస్టార్ 2020 నుంచి ఆ రెండు చోట్లా ఆగడం లేదు.

పారిస్ వైపు కూడా ఇదే లెక్క. డిస్నీల్యాండే ముందు అనుకుంటే షార్ల్ ద గాల్‌ రెండో టెర్మినల్ కింద ఉన్న స్టేషన్‌ నుంచి టీజీవీ అనే వేగపు రైలు పది నిమిషాల్లో డిస్నీల్యాండ్ గుమ్మంలో దింపుతుంది. గార్ దు నోర్‌ నుంచి అయితే షాత్లే దాకా వెళ్లి, ఆర్‌ఈఆర్ ఎ మారి, సూట్‌కేసులు లాక్కుంటూ దాదాపు గంట. లండన్ నుంచి డిస్నీల్యాండ్‌కు నేరుగా వెళ్లే యూరోస్టార్ ఉండేది, 2023 జూన్‌లో ఆపేశారు. చిన్నపిల్లలున్న కుటుంబానికి ఈ ఒక్క కారణం చాలు విమానం ఎక్కడానికి.

వీసా: టైముకంటే దీని టెన్షనే ఎక్కువ

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి లండన్‌కో వీసా, పారిస్‌కో వీసా. పారిస్‌కు కావాల్సింది షెంజెన్ వీసా, అంటే ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా. బ్రిటన్ షెంజెన్‌లో ఎప్పుడూ లేదు, అది యూరోపియన్ యూనియన్‌లో ఉన్న రోజుల్లోనూ లేదు. బ్రిటన్‌లో చదువుకుంటున్న విద్యార్థి వీసా అయినా, వర్క్ వీసా అయినా సరే, వారాంతం పారిస్ వెళ్లి రావాలన్నా షెంజెన్ వీసా తీసుకోవాల్సిందే.

ఇక్కడ ముఖ్యమైంది ఎంట్రీల లెక్క. ఇంటి నుంచి లండన్ వచ్చి, పారిస్ వెళ్లి, మళ్లీ లండన్ వచ్చి ఇంటికెళితే ఫ్రాన్స్‌లోకి ఒక్కసారే అడుగుపెడతారు. సింగిల్ ఎంట్రీ షెంజెన్ చాలు. బ్రిటన్ విజిటర్ వీసా మామూలుగా ఎన్నిసార్లయినా వెళ్లిరానిస్తుంది కాబట్టి ఆ వైపు ఇబ్బంది లేదు. దీన్నే తిప్పి, పారిస్‌లో దిగి లండన్ చూసి మళ్లీ పారిస్ నుంచి ఇంటికి అనుకున్నారా, షెంజెన్‌లోకి రెండుసార్లు వెళ్తున్నట్టే. సింగిల్ ఎంట్రీ స్టాంపుతో లండన్ వెళ్లిన మనిషి వెనక్కి రాలేడు. దరఖాస్తులోనే మల్టిపుల్ ఎంట్రీ అడగండి, రెండోసారి ఎందుకు రావాలో టికెట్లతో చూపించండి.

హైదరాబాద్‌లో ఫ్రాన్స్ వీసా దరఖాస్తులు తీసుకునేది వీఎఫ్ఎస్, బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు టీఎల్ఎస్‌కాంటాక్ట్. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45, ఆరేళ్లలోపు వాళ్లకు లేదు. సర్వీసు చార్జీ వేరు. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. వేసవి సెలవుల ముందు స్లాట్ దొరకడమే పెద్ద పని, అందుకని టికెట్ కంటే ముందు అపాయింట్‌మెంట్ చూసుకోండి.

తనిఖీ జరిగే చోటు రైలుకూ విమానానికీ తేడా. సెయింట్ పాంక్రస్‌లో ఫ్రెంచ్ పోలీసులే కూర్చుని ఉంటారు. రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఫ్రాన్స్ సరిహద్దు తనిఖీ లండన్ స్టేషన్లోనే అయిపోతుంది, గార్ దు నోర్‌లో బ్రిటన్ అధికారుల తనిఖీ కూడా అలాగే. పారిస్‌లో లండన్ రైలు కోసం మెట్లెక్కి పైఅంతస్తుకు వెళ్లాలి. అక్కడ ఫ్రాన్స్ వాళ్లు బయటికి పంపే తనిఖీ, రెండడుగులు వెయ్యగానే బ్రిటన్ వాళ్లు లోపలికి రానిచ్చే ప్రశ్నలు. లండన్‌లో దిగాక ఇక ఎవరూ ఆపరు. క్యూ ఎంతసేపైనా అది రైలెక్కే ముందే కాబట్టి, దిగాక ఎంతసేపు పడుతుందో అనే బెంగ ఉండదు.

2025 అక్టోబరు 12 నుంచి షెంజెన్ దేశాలు ఈఈఎస్ అనే రాకపోకల నమోదు పద్ధతిని దశలవారీగా మొదలుపెట్టాయి. ముద్ర వెయ్యడానికి బదులు ముఖం ఫొటో, వీసా అక్కర్లేని దేశాలవాళ్లకైతే వేలిముద్రలు కూడా తీసుకుంటారు. పన్నెండేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు అక్కర్లేదు, ఫొటో మాత్రమే. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇది కొంత ఆలస్యం చేస్తుంది. రైలైతే ఆ ఆలస్యం లండన్‌లో, విమానమైతే పారిస్‌లో. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ కాగితాలు ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి. ఫోన్లో పీడీఎఫ్ వెతుకుతూ కౌంటర్ ముందు నిలబడటం మీకూ మీ వెనకవాళ్లకూ ఇబ్బందే.

హైదరాబాద్ నుంచి హీత్రూ మీదుగా పారిస్ టికెట్ కొన్నవాళ్లకు ఒక హెచ్చరిక. లండన్ చూడటం లేదు, విమానం మారడమే కదా అనుకుంటారు. టెర్మినల్ దాటి బయటికి రాకపోయినా భారత పాస్‌పోర్టుకు బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికా, కెనడా లాంటి దేశాల వీసా ఉన్నవాళ్లకు షరతుల మీద మినహాయింపు ఉంది. మామూలు షార్ట్ స్టే షెంజెన్ వీసా ఉంటే మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. శంషాబాద్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.

సామాన్లూ, ఆవకాయా

పెట్టెల విషయంలో రైలుకు సాటి లేదు. యూరోస్టార్ స్టాండర్డ్ టికెట్‌కు 85 సెంటీమీటర్ల దాకా ఉన్న రెండు సూట్‌కేసులు, ఒక చేతి సంచి ఉచితం. తూకం వెయ్యరు, మీరు ఎత్తి పెట్టుకోగలిగితే చాలు. అదే ఈజీజెట్ మామూలు టికెట్‌తో లోపలికి రానిచ్చేది సీటు కింద పట్టే 45, 36, 20 సెంటీమీటర్ల సంచి ఒక్కటే. ఇండియా నుంచి వచ్చినవాళ్ల దగ్గర 23 కిలోల పెట్టెలు ఉంటాయి. ఒక్కో పెట్టెకు డబ్బు కట్టేసరికి చౌక టికెట్ చౌకగా మిగలదు. ధరలు పోల్చేటప్పుడు ఇది కలపకుండా చూస్తే ఆ పోలికకు అర్థమే లేదు.

రైల్లో ద్రవాల మీద 100 మిల్లీలీటర్ల గొడవ లేదు. నీళ్ల సీసా, షాంపూ, పచ్చడి సీసా అన్నీ చేతి సంచిలోనే పెట్టుకోవచ్చు. విమానాశ్రయాలు కొన్ని కొత్త స్కానర్లు పెట్టి ఈ నిబంధన సడలించాయి, అన్నీ కాదు. పాత పద్ధతి ఉన్న చోట ఆవకాయ కూడా వాళ్ల దృష్టిలో ద్రవమే. అర కిలో సీసా చెత్తబుట్టలో పడేస్తుంటే చూడాల్సి వస్తుంది.

అయితే రైలైనా విమానమైనా సరిహద్దు సరిహద్దే. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాలతో చేసినవి తీసుకెళ్లకూడదు. పెరుగన్నం డబ్బా, నెయ్యి, పాలకోవా అన్నీ దాని కిందికే వస్తాయి. నూనె పచ్చళ్లు, కారప్పూస, పులిహోర పర్వాలేదు. తిరుగు ప్రయాణంలో కూడా అంతే. 2025 ఏప్రిల్ నుంచి బ్రిటన్ కూడా యూరప్ నుంచి సొంతానికి తెచ్చుకునే మాంసాన్నీ, పాల ఉత్పత్తులనూ ఆపేసింది. పారిస్ చీజ్ లండన్‌లో చుట్టాలకు పట్టుకెళ్దామనుకుంటే కుదరదు, చాక్లెట్లతో సరిపెట్టుకోండి.

శాకాహారులకు ఒక మాట. రైలు స్టేషన్లు రెండూ మన తిండికి దగ్గర. సెయింట్ పాంక్రస్ నుంచి యూస్టన్ వెనకాల డ్రమండ్ స్ట్రీట్ నడిచి వెళ్లేంత దూరం, అక్కడ భారతీయ శాకాహార హోటళ్లున్నాయి. గార్ దు నోర్ నుంచి ఉత్తరంగా పది నిమిషాలు నడిస్తే లా షపెల్, శ్రీలంక తమిళుల పేట. దోసె, ఇడ్లీ, మినప్పప్పు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. విమానాశ్రయంలో ఆకలేస్తే సాండ్‌విచ్చే గతి.

డబ్బు

యూరోస్టార్ ధర ఒక్కలా ఉండదు, ముందు కొంటే చౌక, ఆలస్యం చేస్తే బాదుడు. నెలల ముందు కొంటే ఒకవైపు 39 పౌండ్లకు కూడా దొరుకుతుంది. శుక్రవారం సాయంత్రం రైలుకు గురువారం కొంటే 200 పౌండ్లు దాటడం మామూలే. అంత ఆలస్యంగా కొనేటప్పుడు విమానమే చౌకగా ఉంటుంది, అప్పుడు మొహమాటపడకుండా విమానం ఎక్కండి. ఏ రోజైనా, ఏ టైమైనా పర్వాలేదనేవాళ్లు యూరోస్టార్ వాళ్ల స్నాప్ టికెట్లు చూడొచ్చు. తేదీ, పొద్దున్నా మధ్యాహ్నమా అన్నది మనం చెబుతాం, ఏ రైలో తర్వాత వాళ్లు చెబుతారు. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నేను దాన్ని సిఫార్సు చెయ్యను.

నాలుగేళ్లలోపు పిల్లలకు రైల్లో టికెట్ అక్కర్లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సరి. విమానంలో ఆ సౌకర్యం రెండేళ్లలోపు వాళ్లకే.

టికెట్ పక్కన ఇంకా కలపాల్సినవి ఉన్నాయి. షార్ల్ ద గాల్ నుంచి ఊళ్లోకి రైలు టికెట్ 2025 జనవరిలో 13 యూరోలు చేశారు. నలుగురు పెద్దవాళ్లుంటే 52. అదే ఏడాది లెక్కన విమానాశ్రయం నుంచి సేన్ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న పారిస్‌కు టాక్సీ స్థిర ధర 56 యూరోలు, దక్షిణపు ఒడ్డుకు 65. నలుగురు ఉన్నప్పుడు టాక్సీయే నయం. మీటర్ లేదు, బేరం లేదు, టాక్సీ వరసలో నిలబడి ఎక్కాలి. లోపల హాల్లోనే "టాక్సీ, టాక్సీ" అంటూ దగ్గరికొచ్చేవాళ్లతో వెళ్లొద్దు.

అసలు డబ్బు మిగిలే చోటు ఇంకొకటుంది. లండన్–పారిస్ రానూపోనూ ఎందుకు? హైదరాబాద్ నుంచి లండన్‌కు వచ్చి, పారిస్ నుంచి హైదరాబాద్‌కు తిరిగెళ్లేలా మల్టీ సిటీ టికెట్ తీసుకుంటే మధ్యలో ఒక్క వైపు రైలు చాలు. ఒక పూట కూడా కలిసొస్తుంది. పైగా బ్రిటన్ నుంచి ఇండియాకు ఎగిరే ప్రతి ఎకానమీ టికెట్‌లోనూ విమాన ప్రయాణికుల పన్ను ఉంటుంది, 2025 ఏప్రిల్‌లో దాన్ని 90 పౌండ్లు చేశారు. ఎకానమీలో పదహారేళ్లలోపు పిల్లలకు లేదు. ఫ్రాన్స్ కూడా 2025 మార్చిలో ఇలాంటి పన్ను పెంచింది, దూర ప్రయాణాలకు 40 యూరోలు. అయినా సగం కంటే తక్కువే. టికెట్ మొత్తం ధరలో ఈ తేడా కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు. రెండు రకాలుగా వెతికి చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. నేనైతే పన్ను తేడా కోసం కాకపోయినా, వెనక్కి రావాల్సిన పని తప్పుతుందని ఇదే ఎంచుకుంటాను.

చెడిపోయినప్పుడు

రైలు ఎప్పుడూ నమ్మకమైనది, విమానం కాదు అని చెప్పేవాళ్ల మాట వినకండి. 2025 మార్చి ఒక్క నెలే చూడండి. 7వ తేదీన గార్ దు నోర్ దగ్గర పట్టాల పక్కన రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబు బయటపడి యూరోస్టార్లన్నీ ఆగిపోయాయి. రెండు వారాల తర్వాత, 21న, విద్యుత్ సబ్‌స్టేషన్లో మంటలు లేచి హీత్రూ మొత్తం దాదాపు రోజంతా మూతపడింది. 2009 డిసెంబరులో మంచు కరిగి ఇంజిన్ల విద్యుత్ పరికరాల్లోకి నీళ్లు చేరడంతో ఐదు రైళ్లు సొరంగంలోనే ఆగిపోయి, రాత్రంతా జనం అందులో ఇరుక్కున్నారు.

తేడా ఏమిటంటే, రైలు దారి ఒక్కటే. అందరూ వెళ్లాల్సింది ఆ యాభై కిలోమీటర్ల సొరంగంలోంచే. అది మూస్తే ఆ రోజుకు అంతే. విమానాలకు లండన్ చుట్టూ వేరే విమానాశ్రయాలున్నాయి. మరోవైపు పొగమంచు, ఫ్రాన్స్ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల సమ్మెలు రైలును ఆపవు. ఆ సమ్మెలు వేసవిలో తరచూ వస్తుంటాయి, 2025 జులైలో కూడా వచ్చాయి.

పరిహారం మాత్రం విమానానిదే పెద్దది. ఎయిర్‌లైన్స్ తప్పు వల్ల మూడు గంటలకు మించి ఆలస్యమైతే ఈ దూరానికి 250 యూరోలు, బ్రిటన్ చట్టం వర్తిస్తే 220 పౌండ్లు. టికెట్ ధర ఎంతన్నది లెక్కలోకి రాదు. సమ్మె కంట్రోలర్లదైతే రాదు. రైలు గంట దాటి ఆలస్యమైతే టికెట్‌లో పావు వంతు, రెండు గంటలు దాటితే సగం.

పారిస్ నుంచి ఇండియా విమానం ఉన్న రోజే పొద్దున లండన్‌లో రైలెక్కడం మాత్రం వద్దు. ఆ రైలూ ఆ విమానమూ వేర్వేరు టికెట్లు, రైలు ఆలస్యమై విమానం పోతే ఎవరూ బాధ్యత తీసుకోరు. ముందు రోజే వెళ్లి పడుకోండి. ఒకే టికెట్ మీద లండన్ నుంచి పారిస్‌లో మారి ఇండియా వెళ్తుంటే అది వేరు, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి దాంట్లో ఎక్కించాల్సింది వాళ్లే, పెట్టెలు కూడా నేరుగా ఇండియాలో వస్తాయి. అలాంటివాళ్లు రైలు ఊసే ఎత్తక్కర్లేదు.

బస్సు, కారు

బస్సు విద్యార్థులకు. విక్టోరియా కోచ్ స్టేషన్ నుంచి పారిస్ బెర్సీకి ఎనిమిది నుంచి పది గంటలు, ముందు కొంటే రైలు ధరలో సగం కూడా ఉండదు. రాత్రి బస్సులో పోతే ఒక రాత్రి హాస్టల్ ఖర్చు మిగులుతుంది. కానీ అర్ధరాత్రి సరిహద్దు దగ్గర అందరినీ దింపి పాస్‌పోర్టులు చూస్తారు. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే వద్దు.

కారైతే ఫోక్‌స్టన్‌లో కారుతో సహా రైలెక్కి 35 నిమిషాల్లో కాలేకు, లేదా డోవర్ నుంచి గంటన్నర ఓడ. కాలే నుంచి పారిస్ దాదాపు 290 కిలోమీటర్లు, దారిలో టోల్. సముద్రం చూడాలన్న ముచ్చట తీరేది ఓడలోనే. రైల్లో సముద్రం కింద ఇరవై నిమిషాలు కిటికీలో మీ ముఖమే కనిపిస్తుంది. 2025 లెక్కన పారిస్ ఊళ్లో కారు తిప్పాలంటే అద్దం మీద బండి కాలుష్య స్థాయి చూపే క్రిట్ ఎయిర్ స్టిక్కర్ ఉండాలి, దాన్ని ముందే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఇద్దరే అయితే కారు దండగ. నలుగురు ఎక్కి పారిస్ దాటి లువార్ లోయ దాకానో ఆల్ప్స్ దాకానో వెళ్లేటట్టయితే కారే చౌక.